కారణం లేని దడ

ముప్పై ఏళ్ళకు పైగా బస్సు నడిపి దిగినవాడిని నేను. కొత్తగా స్టీరింగ్ పట్టిన పిల్లలు డిపో బయట టీ కొట్టు దగ్గర కనబడితే నన్ను ఒకటే అడుగుతారు, "అప్పా, నీ సర్వీసులో పెద్ద యాక్సిడెంటు ఏది?" అని. ఏదీ లేదంటే వాళ్ళకు నిరాశ. నిరాశపడినా సరే, నేను చెప్పగలిగింది యాక్సిడెంటు కాకుండా ఆగిన రోజు గురించే. ఆ రోజు బస్సును ఎవరో వచ్చి ఆపలేదు, నేనే ఆపాను. నా ఉద్యోగంలో నేను చేసిన మంచి పని అదొక్కటే అని ఇప్పటికీ అనుకుంటాను. అదీ ఆరు నెలలు ఆలస్యంగా చేశాను.

రిటైర్ కావడానికి ఇంకో నాలుగేళ్ళు ఉన్నాయి అప్పటికి. పొద్దున మదనపల్లెలో బండి తీస్తే పుంగనూరు, పలమనేరు మీదుగా కుప్పం, సాయంత్రం మళ్ళీ అదే దారిలో వెనక్కు. ఆ రోడ్డులో ఎక్కడ గుంత ఉందో, ఏ ఊరి మలుపులో గేదెలు అడ్డం వస్తాయో కళ్ళు మూసుకుని చెప్పగలను.

జబ్బు ఆకలితో మొదలైంది. రెండు సంగటి ముద్దలు తినే మనిషిని నాలుగు తినడం మొదలుపెట్టాను. తిన్న రెండు గంటలకు మళ్ళీ ఆకలి. పుంగనూరులో ఉల్లిపాయ దోసెలు, పలమనేరులో ఇడ్లీలు. మా ఇంటావిడ మొదట్లో సంబరపడింది, తన చేతి వంట ఇన్నేళ్ళకు రుచించిందని. కానీ తిన్నది ఎక్కడికి పోతోందో తెలియదు. చొక్కా భుజాల మీంచి జారుతోంది. బెల్టుకు మేకుతో కొత్త రంధ్రం పొడిచాను, నెలకు ఇంకొకటి పొడిచాను. మదనపల్లె చలికాలం ఎట్లా ఉంటుందో ఆ ఊరివాళ్ళకు చెప్పనక్కర్లేదు. ఊరంతా మంకీ టోపీలు పెట్టుకుని తిరుగుతుంటే నేను బనీనుతో ఫ్యాన్ కింద కూర్చునేవాడిని. మా ఆవిడ దుప్పటి చుట్టుకుని వేరే గదిలోకి పోయింది.

తర్వాత గుండెదడ. ఊరికే కూర్చున్నా పరుగెత్తి వచ్చినవాడిలా కొట్టుకునేది. చేతులు వణికేవి. డ్యూటీ రిజిస్టరులో నా సంతకం నాకే వేరే ఎవరిదో అనిపించేది. రోజూ బండి ఎక్కేముందు మందు తాగామో లేదో చూడటానికి మాచేత మిషన్‌లో ఊదిస్తారు. గేటు దగ్గర ఉండే గార్డు నా వేళ్ళ వంక చూసి అన్నాడు.

"ఇంకొక తూరి ఊదన్నా."

ఊదాను. సున్నా. ఇంకో మిషన్ తెచ్చాడు. సున్నా. మూడో రోజు నాకు తెలియకుండా పైఆఫీసుకు కాగితం పెట్టాడు, మా డిపోలో ఊదే మిషన్లన్నీ చెడిపోయాయని.

నవ్వొస్తోంది కదా? నాకు అప్పుడు నవ్వు రాలేదు. ఏదో జబ్బు పట్టిందని లోపల తెలుసు. గుండె జబ్బే అనుకున్నాను. చెబితే స్టీరింగ్ తీసేస్తారని భయం. అంతకు కొన్నాళ్ళ ముందు కంటి చూపు తగ్గిన ఒక డ్రైవరును టైర్ల గదిలో కూర్చోబెట్టారు. ఆయన రోజూ మధ్యాహ్నం ఆ గది గుమ్మంలో నిలబడి, బయటికి పోయే బస్సులను చూస్తుండేవాడు. ఆ గుమ్మంలో నన్ను నేను ఊహించుకుని నోరు మూసుకున్నాను.

నాతో పనిచేసే కండక్టరు పెద్దపంజాణి దగ్గర ఒక పల్లె అమ్మాయి. ముప్పై దాటి ఉండదు, గొంతు మాత్రం మా బండి హారన్ కంటే పెద్దది. ఒకరోజు ఆ గొంతు బాగా తగ్గించి అడిగింది.

"అన్నా, ఏమీ అనుకోవద్దు. ఈ మద్దిన నువ్వు అద్దంలో సూస్తాంటే జనం కిటికీలోనుంచి ఉమ్మేది కూడా మానేసినారు. యాల అట్లా ఉరిమి సూస్తాండావు?"

"నేను మామూలుగానే సూస్తాండాను."

"అది మామూలు కాదన్నా. కండ్లు రెండూ బయటికొస్తాండాయి. డాక్టరుకు సూపిచ్చుకో."

"నీ పని నువ్వు సూసుకో పో" అన్నాను. నేను ఆ అమ్మాయిని అట్లా కసిరిన రోజు అంతకుముందు లేదు. ఆ తర్వాత మాత్రం చాలా ఉన్నాయి.

ఇక ఆ రోజు సంగతి. పుంగనూరు బస్టాండులో యాభై దాటిన ఒకామె గుడ్డల సంచి పట్టుకుని ఎక్కుతోంది. మెట్టు మీద కాలు పెట్టి సంచి సర్దుకోవడానికి కాస్త ఆగింది. నాకు ఒళ్ళు మండింది.

"ఎక్కతావా, లేకుంటే ఈడనే ఉంటావా? బండి నీ కోసరం పొద్దంతా నిలబడి ఉంటాదా?"

ఆమె తొణకలేదు. "ఎక్కతాండాలేప్పా. బండి యాడికి పోతాది, నువ్వు ఈడ అరస్తాంటే?" అంది. బస్సంతా నవ్వింది. నా చెవుల్లోంచి ఆవిరి వచ్చినంత పనైంది.

పలమనేరు దాటాం. బైరెడ్డిపల్లె మండలంలో ఒక చిన్న పల్లం ఉంది. ముందు వేరుశనగ కట్టె వేసుకుని ట్రాక్టరు పోతోంది. అది ఉన్నట్టుండి ఆగింది. నేను బ్రేకు మీద కాలు పెట్టాను. కాలు పెట్టాను కానీ తొడలో బలం లేదు. నొక్కమని నేను చెబుతున్నాను, కాలు వినడం లేదు. రెండు చేతులతో స్టీరింగ్ పట్టుకుని సీటులోంచి లేచి ఒళ్ళంతా బరువు వేసి నొక్కాను. ట్రాక్టరుకు జానెడు దూరంలో బండి ఆగింది. వెనక ఎవరిదో టిఫిన్ క్యారియరు దొర్లుకుంటూ నా సీటు పక్కకు వచ్చింది. ఎవరికీ దెబ్బ తగల్లేదు.

ట్రాక్టరు కదిలి వెళ్ళిపోయింది. దాని డ్రైవరుకు ఏమీ తెలియదు. నేను బండిని మెల్లగా రోడ్డు పక్కకు తీసి ఇంజన్ ఆపాను. అద్దంలో చూశాను. నిండా జనం. ఒకామె ఒళ్ళో బిడ్డ నిద్రపోతున్నాడు, అంత కుదుపుకు కూడా లేవలేదు. ఆ బిడ్డను చూశాక ఇక ఆలోచించడానికి ఏమీ మిగల్లేదు.

"నేను ఇంక తోలలేను పాపా. డిపోకు ఫోన్ చెయ్యి" అన్నాను కండక్టరుతో. దిగి వెళ్ళి కిలోమీటరు రాయి మీద కూర్చున్నాను.

జనం ఊరుకుంటారా? కుప్పంలో రైలు పట్టుకోవాలని ఒకాయన, శాంతిపురంలో పెళ్ళిచూపులని ఇంకొకాయన. డ్రైవరు తాగినాడని వెనక సీటులో ఎవరో అన్నారు. తలపాగా చుట్టుకున్న ఒక పెద్దాయన నేరుగా నా దగ్గరికి వచ్చి, మొహం మొహానికి ఆనించి, "ఊదప్పా" అన్నాడు. ఊదాను, అలవాటే కదా. ఆయన వెనక్కు తిరిగి తీర్పు చెప్పాడు.

"తాగలేదు రేయ్! ఎర్రగడ్డ దోసె తినుండాడు, అంతే!"

కండక్టరు అందరికీ తలా ఒక మాట చెప్పి, రైలు మనిషిని అటుగా వచ్చిన వ్యానులో ఎక్కించి, పలమనేరు నుంచి వేరే డ్రైవరును రప్పించే ఏర్పాటు చేసింది. గంట పడుతుందన్నారు. అప్పుడు నీళ్ళ సీసా పట్టుకుని నా దగ్గరికి వచ్చింది ఎవరనుకున్నారు? పుంగనూరులో నేను అరిచిన ఆమే.

"తాగప్పా" అని సీసా ఇచ్చింది. నేను తల ఎత్తి తాగుతుంటే నా గొంతు వంక అదే పనిగా చూసింది. "ఆకలి ఎక్కువ అవుతాండాదా?"

"అవుతాండాది."

"గుండె కొట్టుకుంటాండాదా? నిద్ర లేదా? ఊరికే కోపమొస్తాండాదా?"

చివరి ప్రశ్నకు నేను తల దించుకున్నాను. ఆమె నవ్వింది. "సిగ్గుపడొద్దులే. నేను మా ఆయన మింద చెంబు ఇసిరినా. గొంతు కాడ వాపుండాది సూడు నీకు. నాకొచ్చిందే నీకూ వచ్చినట్లుండాది. థైరాయిడు. నువ్వు చెడ్డోడివి కాదప్పా, ఒంట్లో మంట ఎక్కువైండాది."

ఆమె పుంగనూరులో కుట్టు పని చేస్తుంది. కొన్నేళ్ళ కిందట ఈ జబ్బే వచ్చి చేతులు వణికి మిషన్ మూసేసిందట. మందులు వాడి బాగైంది. ఆరు నెలలకొకసారి కుప్పంలో పరీక్ష చేయించుకోవడానికి ఈ బస్సులోనే పోతుంది. నేను నమ్మినట్టు కనబడలేదేమో, సంచిలోంచి సూది, దారపు ఉండ తీసింది. ఎండలో, గాలిలో, రోడ్డు పక్క నిలబడి, దారం కొస నాలుకతో తడిపి ఒక్క తూరికే సూదిలోకి ఎక్కించింది.

"ఈ పని సేయలేక నెలలు నెలలు ఏడ్సినాను. ఇప్పుడు సూడు నా చెయ్యి" అని నా కళ్ళ ముందు చాపింది. రాయిలా నిలబడి ఉంది ఆ చెయ్యి. నేను నా చేతిని దాని పక్కన చాపాను. ఇద్దరం ఆ రెండు చేతులనూ మార్చి మార్చి చూసుకున్నాం. ఆరు నెలల తర్వాత మొదటిసారి నాకు గుండె తేలికైంది. కొట్టుకోవడం మాత్రం ఆపలేదు.

వేరే డ్రైవరు వచ్చి బండిని కుప్పం చేర్చాడు. ఆ మధ్యాహ్నమే ఆమె నన్ను వెంటబెట్టుకుని తన డాక్టరు దగ్గరికి తీసుకుపోయింది. కండక్టరు కూడా వచ్చింది, నేను తప్పించుకుని పోతానని అనుమానం. డాక్టరమ్మ చిన్న వయసావిడ, నెమ్మదిగా మాట్లాడుతుంది. నాచేత చేతులు చాపించి వేళ్ళ మీద ఒక తెల్ల కాగితం పరిచింది. కాగితం గాలిపటంలా రెపరెపలాడింది. రక్తపరీక్ష చేయించింది. రిపోర్టు వచ్చాక చెప్పింది.

"ఒంటిని కాపాడాల్సిన శక్తే దారి తప్పి మీ థైరాయిడ్ గ్రంథి మీద పడింది. అది ఆగకుండా పనిచేస్తోంది. మీ గుండె, చేతులు, కోపం, ఆకలి, అన్నీ అందుకే. మందులున్నాయి. ఏడాదో ఏడాదిన్నరో పడుతుంది. చాలామందికి తగ్గుతుంది."

"బండి తోలొచ్చా?"

"ఇప్పుడు కాదు. ఎప్పటికీ కాదని మాత్రం అనడం లేదు."

ఇంకా చెప్పింది. గొంతు నొప్పితో జ్వరం వస్తే మాత్ర ఆపి వెంటనే రావాలి. మిగతా ఏ కారణానికీ తనను అడగకుండా ఆపకూడదు. బీడీలు మానాలి, కళ్ళకు చేటు. జేబులోని కట్ట కండక్టరు అక్కడే తీసేసుకుంది.

ఇంటికి పోయి మా ఆవిడకు అంతా చెప్పాను. "ఇన్ని దినాలు నా వంట బాగుండాదని తింటాండారని అనుకున్నా. జబ్బు తింటాండాదన్న మాట" అంది. అని నవ్వింది, కళ్ళు తుడుచుకుంది, సంగటి గిన్నె తెచ్చి ముందు పెట్టింది. ఎన్ని ముద్దలు తిన్నానో ఆ రోజు లెక్కపెట్టలేదు.

డిపోలో నన్ను టైర్ల గదిలో వేయలేదు. మా మేనేజరు, "నువ్వు చెప్పకుండా నడిపినందుకు మెమో ఇవ్వాలి. చెప్పి ఆపినందుకు శాలువా కప్పాలి. రెండూ వద్దులే" అని బస్టాండులో ఎంక్వయిరీ గదికి పంపారు. అక్కడ మైకులో బస్సుల రాకపోకలు చెప్పాలి. ఆ గదిలో అప్పటికే ఒక కంట్రోలరు ఉన్నాడు, నాకంటే ఒక ఏడాది ముందు రిటైరయ్యే మనిషి. మైకు మీద గుడ్డ తీయడం, సాయంత్రం మళ్ళీ కప్పడం, ఈ మధ్యలో వీలైనంత తక్కువ మాట్లాడటం ఆయన పద్ధతి. నేను వచ్చాక మాట్లాడే పని మొత్తం నాకు అప్పజెప్పాడు.

మొదటి వారం నరకం. కుప్పం బస్సు వస్తుంటే నా కాళ్ళు వాటంతట అవే లేచేవి. తర్వాత మెల్లగా నేను ఆ మైకుకు మరిగాను. బస్సు పేరు, ప్లాట్‌ఫారం చెప్పి ఊరుకోకుండా, ఏ పల్లెకు ఎక్కడ దిగాలో, దిగినాక ఆటో ఎటువైపు దొరుకుతుందో కూడా చెప్పేవాడిని. అరటిపండ్లు అమ్మే ఆవిడ నా గొంతు విని టైము తెలుసుకుంటున్నానని చెప్పింది.

మూడు నెలలకు బెల్టు రంధ్రాలు ఒకటొకటిగా వెనక్కు వచ్చాయి. మా ఆవిడ దుప్పటి మళ్ళీ మా గదిలోకి వచ్చింది. చేతులు నిలకడ అయ్యాయి. ఇక్కడే నేను పెద్ద తప్పు చేశాను. తగ్గిపోయింది కదా, ఇంకా మాత్రలెందుకు అనుకున్నాను. మాత్రలు వాడుతున్నానంటే మళ్ళీ బండి తోలడానికి ఫిట్‌నెస్ కాగితం ఇవ్వరని నాకు నేనే ఒక చట్టం రాసుకున్నాను. ఇంట్లో రోజూ మాత్ర చేతిలోకి తీసుకునేవాడిని, మా ఆవిడ చూస్తుండగా నోటిదాకా తెచ్చేవాడిని, తర్వాత జేబులో వేసుకునేవాడిని. యాభై దాటిన మనిషిని, బడి ఎగ్గొట్టే పిల్లోడిలా.

నెల దాటేసరికి దడ మళ్ళీ మొదలైంది. ఫిట్‌నెస్ పరీక్ష వచ్చే సోమవారం. మధ్యాహ్నం బస్టాండు కాస్త ఖాళీగా ఉన్నప్పుడు కంట్రోలరు దగ్గర మనసు విప్పాను.

"మాత్రలు ఆపేసి నెల దాటిండాది. మళ్ళీ సేతులు వణకతాండాయి. ఆ ఒక్క దినం గట్టిగా పట్టుకుంటే సాలు, పరీక్ష దాటేస్తా. నా పెండ్లానికి కూడా తెలీదు. నువ్వు యవురికీ సెప్పొద్దు."

ఆయన మైకు వంక వేలు చూపించాడు. దాని ఎర్ర దీపం వెలుగుతోంది.

కిటికీలోంచి బయటికి చూశాను. బస్టాండు మొత్తం మా గది వంక తిరిగి ఉంది. అరటిపండ్లావిడ నోరు తెరిచి చూస్తోంది. కుప్పం ప్లాట్‌ఫారం మీంచి టికెట్ల మిషన్ మెడలో ఊగుతుండగా మా కండక్టరు పరుగున వస్తోంది. తలుపు నెట్టుకుని లోపలికి వచ్చి, "వదినకు నేను ఫోన్ చెయ్యాల్నా, నువ్వు చేస్తావా?" అంది. నేను ఫోన్ తీసేలోపే అది మోగింది. మా వీధి మనిషెవరో బస్టాండులో నిలబడి విని, అప్పటికే మా ఆవిడకు చెప్పేశాడు.

ఆ తర్వాత చాలా రోజులు నేను ఎటు పోయినా అదే ప్రశ్న. టీ కొట్టువాడు, పేపరు అమ్మే అతను, ఎవరో తెలియని ప్రయాణికులు. "మాత్ర ఏసుకున్నావా అప్పా?" మదనపల్లె బస్టాండు అంతా నాకు నర్సు అయిపోయింది.

సోమవారం ఫిట్‌నెస్ పరీక్షకు కాదు, కుప్పం పోయాను. కాగితం మళ్ళీ రెపరెపలాడింది. డాక్టరమ్మ తిడుతుందనుకున్నాను.

"ఆ రోజు బస్సు ఆపమని మీకు ఎవరు చెప్పారు?" అని అడిగింది.

"ఎవరూ చెప్పలేదమ్మా."

"అంతమంది ప్రాణాల కోసం మీకు మీరే నిజం చెప్పుకున్నారు. మీ ఒక్కరి ప్రాణం కోసం చెప్పుకోలేరా?"

మందుల చీటీ తీసుకుని వచ్చేశాను. ఇంట్లో మా ఆవిడ తిట్టలేదు, అరవలేదు. ఆ మరుసటి రోజు నుంచి మాత్ర నా నోట్లో వేసి, మింగినాక నాలుక ఎత్తి చూపించమనేది. అట్లా రెండు నెలలు చూపించాను.

పిల్లలూ, ఆశ పెట్టుకోవడం అంటే తొందరపడటం అని నేను అప్పటిదాకా అనుకున్నాను. రెండోసారి మొదలుపెట్టాక రోజులు చూసుకోవడం మానేశాను. పొద్దున మాత్ర, పగలు మైకు, సాయంత్రం మా ఆవిడతో నడక. రిపోర్టు కాగితంలో అంకెలు కొంచెం మారితే ఆ రోజు మిఠాయి. మారకపోతే ఆ రోజూ మిఠాయి, ఓదార్పుగా. కాలంతో పాటు బలం తిరిగి వచ్చింది. కళ్ళు చాలావరకు సర్దుకున్నాయి. ఎడమ కన్ను మాత్రం ఇప్పటికీ లోకాన్ని కొంచెం ఆశ్చర్యంగానే చూస్తుంది.

దాదాపు పది నెలల తర్వాత డాక్టరమ్మ నా వేళ్ళ మీద కాగితం పరిచింది. అది కదలలేదు. పైన ఫ్యాన్ తిరుగుతుంటే కొస కొంచెం లేచింది, అంతే. డిపో డాక్టర్లు కూడా ఆ తర్వాత నన్ను కూర్చోబెట్టి, నిలబెట్టి, కాలితో తన్నించి, కళ్ళలో దీపం వేసి, చివరికి సంతకం పెట్టారు. మాత్రలు పూర్తిగా ఆపింది ఇంకొంత కాలానికి, అదీ ఆమె చెప్పాకే.

మళ్ళీ స్టీరింగ్ ముందు కూర్చున్న రోజు పొద్దున బస్టాండు మైకులో కంట్రోలరు గొంతు వినబడింది. నేను విన్నంతలో అదే ఆయన చేసిన పొడవైన ప్రకటన. "కుప్పం బస్సు. మన డ్రైవరే తోలతాండాడు. ధైర్యంగా ఎక్కండి."

పోయేటప్పుడు ఏ ఇబ్బందీ లేదు. పుంగనూరులో ఎక్కినవాళ్ళు కుప్పంలో దిగి, నా మొహం కూడా చూడకుండా ఎవరి పని మీద వాళ్ళు పోయారు. డ్రైవరు గుర్తుండకపోతేనే ప్రయాణం బాగా జరిగినట్టు.

సాయంత్రం తిరుగు ప్రయాణంలో, పలమనేరు ఇంకా కొంత దూరం ఉందనగా, రోడ్డును అడవి ఆనుకుని ఉండే చోట మలుపు తిరిగాను. నడి రోడ్డు మీద ఏనుగు నిలబడి ఉంది. పెద్ద దంతాల మగ ఏనుగు. బ్రేకు నొక్కాను. ఈసారి కాలు మాట వింది. బండి మెత్తగా ఆగింది. హారన్ కొట్టలేదు. ఏనుగు చెవులు విప్పి మా వైపు ఒక అడుగు వేసింది. ఇంకో అడుగు వేసింది. నేను రివర్సు గేరులో పెట్టి, కాలు క్లచ్ మీదే ఉంచి చూస్తున్నాను. ఎంతసేపో తెలియదు. తర్వాత అది తొండం ఊపి, మేము లెక్కలోకి రానట్టు పక్కకు తిరిగి, నింపాదిగా చెట్లలోకి పోయింది. దాని వెనకే ఇంకో రెండు, వాటి కాళ్ళ మధ్య ఒక పిల్ల.

రోడ్డు ఖాళీ అయ్యాక బండి కదిలించాను. కొంత దూరం పోయాక నాకు నవ్వు మొదలైంది. ఆపుకోలేకపోయాను. కండక్టరు కంగారుగా నా సీటు దగ్గరికి వచ్చింది.

"యాలన్నా నవ్వతాండావు?"

"గుండె దడదడా కొట్టుకుంటాండాది పాపా."

ఆమె మొహం పాలిపోయింది. "మళ్ళీనా?"

"మళ్ళీ కాదు. ఏనుగును సూసి."

ఆమె కమ్మీ పట్టుకుని పడీ పడీ నవ్వింది. "నాకూ కొట్టుకుంటాండాదన్నా!" అంది. ముందు సీటులోని ముసలామె, "మాకు మటుకు కొట్టుకోలేదా ఏమి?" అని కోప్పడింది. బస్సంతా ఒకేసారి మాట్లాడటం మొదలుపెట్టింది.

పలమనేరు బస్టాండు చేరేసరికి అందరి గుండెలూ సర్దుకున్నాయి. నాది కూడా.